తువ్వాలు కింద

నాలుగేళ్లుగా అదే జీతం.
మిర్చి మాత్రం ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది.
తేజ రకం ఒక ఏడు
మా పేరయ్యగారే నమ్మలేని ధరకి పోయింది.
ఆ అంకెలన్నీ రాసింది ఈ చెయ్యే.

పొద్దున్నే నల్లపాడు రైలుగేటు పడితే
స్కూటరు ఆపుకుని
మాటలు కూడబలుక్కుంటాను.
"అయ్యా, పిల్లదాని ఫీజు..."
ముష్టెత్తినట్టుంది.
"అయ్యా, పక్క కొట్లో పద్దెనిమిదిస్తున్నారట..."
బెదిరించినట్టుంది.
"అయ్యా" ఒక్కటే బాగుంది.
గేటు లేస్తుంది.
వెనక లారీవాడు తిడతాడు.

అడగడం ఎలాగో నాకు తెలీదా?
రోజూ చూస్తూనే ఉన్నాను యార్డులో.
మాచర్ల అవతలి నుంచి
రాత్రంతా టిక్కీల మీద పడుకుని వచ్చిన రైతు
దిగుతూనే ధర అడగడు.
తామరపురుగు సంగతి చెబుతాడు,
బోరు ఎండిన సంగతి చెబుతాడు,
మచ్చుకాయ విరిచి గింజ చూపిస్తాడు.
పేరయ్యగారు గుప్పెడు కాయలు తీసి
చెవి దగ్గర గలగలా ఆడించి
"తేమ ఉందయ్యా" అంటారు.
ఆ ఒక్క మాటకి క్వింటాకి మూడొందలు రాలిపోతాయి.
పట్టీలో రాసేది నేనే,
గీత కొట్టి, కింద మొత్తం వేసి,
రైతు మొహం చూడకుండా.

అందుకే నాకు భయం.
నన్నూ చెవి దగ్గర ఆడించి
తేమ ఉందంటారేమోనని.

శుక్రవారం కాటాలయిపోయాయి.
హమాలీలు పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు.
"అయ్యా" అన్నాను.
తుమ్మొచ్చింది.
తొమ్మిదేళ్లుగా ఈ ఘాటులో ఏనాడూ రాని తుమ్ము,
అదీ ఒంటితుమ్ము.
ఆయన గడియారం వంక చూసి
"కూచో కాసేపు, తర్వాత చెబుదువుగాని" అన్నారు.

కూచున్నాను.
ఎదురుగా గోడ మీద వాళ్ల నాన్నగారి ఫొటో,
ముంజేతి మీద తువ్వాలుతో.
ఆ పెద్దాయన రోజుల్లో ధర నోటితో అనేవాళ్లు కాదట.
గుడ్డ కింద వేళ్లు పట్టుకునేవాళ్లు.
ఎంతన్నారో, ఎంత తగ్గారో
ఆ రెండు చేతులకే తెలుసు.
ఇప్పుడంతా కంప్యూటరు వేలం.

ఏం పుట్టిందో నాకు,
భుజం మీది తువ్వాలు తీసి
చెయ్యి మీద పరిచి
ఆయన ముందుకి చాపాను.

"ఏంట్రా పానకాలూ ఇది?"
నవ్వారు.
నేను నవ్వలేదు.
ఆయనా ఆపేశారు.
ఫొటో వైపు ఒకసారి చూసి
మెల్లిగా చెయ్యి లోపలికి పెట్టారు.

తొమ్మిదేళ్లలో ఆ చెయ్యి తగలడం అదే మొదలు.
చల్లగా ఉంది. ఉంగరం వదులైంది.
మూడు వేళ్లు పట్టాను.
వేలంటే వేలే కదా మన భాషలో.
ఆయన విడిపించుకుని
నా చూపుడు వేలొక్కటే పట్టారు.
నేను మళ్లీ మూడు.
ఆయన మళ్లీ ఒకటి.
నేను రెండు పట్టి వదల్లేదు.
బయట నుంచి చూసే హమాలీలకి
ఇద్దరు మగాళ్లు గుడ్డ కింద
చేతులు పట్టుకు కూచున్నట్టే ఉండాలి.

చివరికి ఒక వేలు మొత్తం,
రెండో వేలు కణుపు దాకా.
నొక్కి, వదిలేశారు.
తేమ ఉందని మాత్రం అనలేదు.
తువ్వాలు మడిచి ఆయనే నా భుజాన వేశారు.
"పుస్తకంలో రాసుకో."
రాశాను.
నా పేరు ఎదురుగా నా చేత్తో రాస్తే
అక్షరాలు ఎవరివో లాగున్నాయి.

ఇంటికెళ్తే శేషారత్నం గిన్నెలు తోముతోంది.
"అడిగావా? ఎంత?"
తువ్వాలు పరిచాను. "చెయ్యి పెట్టు."
"సిగ్గులేదు" అంటూనే పెట్టింది, తడిచెయ్యి.
ఒక వేలు పట్టాను. ఇంకో వేలు సగం.
లెక్క కట్టుకుంటూ కాసేపు నిలబడింది.
"మిగతా సగం?"
"వచ్చే ఉగాదికన్నారు."
ఆ మాట ఆయన అనలేదు.
తువ్వాలు కింద ఎవరూ ఏమీ అనరు.

"సబ్బుతో కడుక్కుని రా" అంది
వేలు ఊదుకుంటూ,
"మండుతోంది."